కొసరు చెయ్యి

కోటేశ్వరి ఎవరికి ఏది కొలిచి ఇచ్చినా చెయ్యి రెండోసారి వెనక్కి వెళ్ళి వచ్చేది. పక్క ఫ్లాటావిడ గ్లాసుతో పంచదార అడిగితే గ్లాసు నిండాక డబ్బాలోంచి ఇంకో చెంచా. పనిమనిషికి ఎండుమిరపకాయలు తూచాక సంచిలోంచి ఇంకో నాలుగు కాయలు. ఇది ఆమెకి తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. ప్రత్తిపాడులో ఆ తండ్రి వెంకయ్య తన కల్లం దగ్గర కూలీలకు మిరపకాయ కొలిచి పోసి, సరిపోయిందని అందరూ లేచాక, మళ్ళీ కుప్పలో చెయ్యి పెట్టి ఒక్కొక్కరి కొంగులో ఇంకో గుప్పెడు వేసేవాడు. కొసరు వెయ్యకుండా ఎవరినైనా పంపితే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

అదే అలవాటు పేకముక్కల దగ్గరికీ వచ్చింది.

గుంటూరులో వాళ్ళుండే అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఇషాక్ మాస్టారి ఇల్లు. లెక్కల లెక్చరరుగా రిటైరైన ఆయన, లాక్‌డౌన్ రోజుల్లో రమ్మీ ఆడి ఆడి విసిగిపోయిన ఇరుగుపొరుగును కూర్చోబెట్టి పోకరు నేర్పాడు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, బల్లమీద అందరికీ కలిపి ఐదు. వాటన్నిటిలోంచి మంచి ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే ఆట వాళ్ళది. లేదా పందెం పెంచి పెంచి, మిగిలినవాళ్ళు భయపడి ముక్కలు పారేసేలా చేస్తే చేతిలో ఏమీ లేకపోయినా ఆట వాళ్ళదే. ఈ రెండోది తెలిసినరోజు కోటేశ్వరికి నిద్ర పట్టలేదు. బీయస్సీ చదివి ఇరవై రెండేళ్ళు వంటింట్లో గడిపిన మనిషి. తను ఏమనుకుంటోందో ఇంతమంది ఇంత శ్రద్ధగా కనిపెట్టాలని చూడటం ఆమెకి అదే మొదటిసారి.

ప్రతి ఆదివారం మూడింటికి ఐదుగురు కూర్చునేవాళ్ళు. మాస్టారు, ఆయన భార్య జానీబీ, హెడ్ నర్సుగా రిటైరైన హెలెన్, బ్యాంకులో క్యాషియరుగా చేసిన దానయ్య, కోటేశ్వరి. పందేనికి చింతపిక్కలు. ఆ పిక్కల రేకుడబ్బా కోటేశ్వరిది. ఆదివారం చంకలో పెట్టుకుని పైకెక్కేది, ఆట అయ్యాక చంకలో పెట్టుకుని దిగేది.

ఆమె పందెం కాసే తీరే వేరు. ఎదుటివాళ్ళు పది పిక్కలు వేస్తే తనూ పది లెక్కపెట్టి ముందుకు తోసేది. అక్కడితో అయిపోయిందనుకుంటుండగా చెయ్యి వెనక్కి వెళ్ళి ఇంకో ఐదు తెచ్చి వేసేది.

"వేసింది తల్లీ కొసరు!" అని దానయ్య నెత్తి కొట్టుకునేవాడు. "నీ పేరు కోటేశ్వరి కాదు, కొసరేశ్వరి."

"నవ్వులాట కాదు దానయ్యా," అనేవాడు మాస్టారు. "అమ్మా, పెద్ద ఆటల్లో ఇట్లా చెల్లదు. ఒకసారి తోశాక చెయ్యి వెనక్కి వెళ్తే రెండో విడత లెక్కలోకి రాదు. పెంచాలంటే ముందే నోటితో చెప్పు, రైజ్ అని. లేదా మొత్తం ఒక్క ఊపులో పెట్టు."

"ఎందుకండీ మాస్టారూ? వేస్తానంటుంటే వద్దంటారా ఎవరైనా?"

"ముందు కొద్దిగా వేసి ఎదుటివాడి మొహం చూసి, తర్వాత మిగతాది వేసే దొంగలుంటారమ్మా. అందుకు."

తన కొసరుకి అట్లాంటి అర్థం ఒకటుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఏడాది చివర లెక్క చూసుకుంటే ఎక్కువ ఆటలు గెలిచింది కోటేశ్వరి. ఐదుగురూ వేసుకున్న చందాతో గోవా టోర్నమెంటుకి ఒకరిని పంపాలన్నది ముందే అనుకున్న మాట. తోడుగా హెలెన్ వెళ్తానంది. దానయ్య మాత్రం పెదవి విరిచాడు. "ముక్క వచ్చింది, గెలిచింది. అక్కడ లక్కు పనిచెయ్యదమ్మాయ్."

ఇంట్లో భర్త త్రినాథ్ కూడా అదే మాట ఇంకో రకంగా అన్నాడు. ఆయన కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. ఫిబ్రవరి వచ్చిందంటే మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు, వేసుకుని లారీలు గేటు ముందు బారులు తీరతాయి, ఆయనకు భోజనానికి కూడా తీరికుండదు.

"పేకాటకి గోవా పోయిందంటే మా హమాలీలు కూడా నవ్వుతారే."

"నవ్వనివ్వండి. నేను దొంగతనానికి వెళ్తున్నానా?"

త్రినాథ్ కోపిష్టి కాదు కానీ, ఏ విషయాన్నైనా బేరంగా తేల్చుకుంటే తప్ప నిమ్మళం ఉండదు ఆయనకు. "సరే, ఒక మాట. రెండు రోజుల ఆటంటున్నావుగా. మొదటిరోజు దాటి వస్తే ఆదివారాల గురించి నేను మళ్ళీ నోరెత్తను. దాటకపోతే ఆ డబ్బా అటకెక్కుతుంది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా," అంది.  చీరలు వద్దంటే మానేసేది, సినిమాలు వద్దన్నా మానేసేది. ఆదివారం మూడింటికి మెట్లెక్కడం మానడమంటే ఎట్లాగో ఆమె ఊహకి అందలేదు.

గోవాలో ఆట పెద్ద హోటలు హాల్లో, పొద్దున పదింటికి మొదలైంది. నలభై బల్లలు. పిక్కలకు బదులు ఇక్కడ వాడే బిళ్ళల, చిప్పుల చప్పుడు రేకుల మీద వాన పడుతున్నట్టు ఎడతెగకుండా ఉంది. ఎవరి వేళ్ళూ ఖాళీగా లేవు. చిప్పుల్ని దొంతర పెట్టి, విడదీసి, మళ్ళీ కలుపుతున్నారు. కోటేశ్వరి బల్ల దగ్గర తొమ్మిదిమందిలో చీర కట్టుకున్నది ఆమె ఒక్కతే. తాడు అవతల కుర్చీలో హెలెన్ ఒళ్ళో పర్సు పెట్టుకుని, ఆపరేషను గది బయట కూర్చున్నంత బిగువుగా కూర్చుంది.

ఎదురుగా నల్లకళ్ళద్దాల కుర్రాడు ఒకడున్నాడు. పుణెవాడట, ముప్ఫై ఏళ్ళుంటాయి. కోటేశ్వరి వచ్చీరాని ఇంగ్లీషులో, వచ్చీరాని హిందీలో మాట్లాడితే రెండింటికీ నవ్వుతూ జవాబిచ్చాడు. ఆంటీ అని పిలిచాడు.

గంట తిరక్కుండానే ఆమెకి రెండు రాజులొచ్చాయి. కళ్ళద్దాలవాడు పందెం కాశాడు. సరిసమానంగా చిప్పులు తోసింది. తోశాక చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళి ఇంకో దొంతర పట్టుకొచ్చింది.

"ఓన్లీ కాల్, మేడమ్," సరిపెట్టిందే లెక్క, పెంచినట్టు కాదని ముక్కలు పంచే అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టింది.

కోటేశ్వరికి మొహం వేడెక్కింది. గోవా వచ్చేముందు మూడు నెలలు మాస్టారు చెప్పిందంతా చెయ్యి మర్చిపోయింది. కోటు వేసుకున్న మేనేజరు వచ్చి మర్యాదగానే చెప్పాడు. ఈసారికి ఫరవాలేదు, ఇంకోసారి జరిగితే ఒక రౌండు ఆట బయట కూర్చోవాలి. రెండో దొంతర ఆమె వైపుకే తోసేశారు. చివరిదాకా ఆడితే రాజులే గెలిచాయి. ముక్కలు తిప్పి చూపించాక కళ్ళద్దాలవాడు గట్టిగా నవ్వాడు.

"ఆంటీ చెయ్యి ఆగదు. రెండోసారి వెళ్ళిందంటే రాజులున్నట్టే," అని పక్కవాడికి హిందీలో చెప్పాడు. ఆ మాత్రం హిందీ కోటేశ్వరికి అర్థమైంది.

తర్వాత మంచి ముక్కలు రాలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర హెలెన్ పెరుగన్నం కలిపి ఇస్తే రెండు ముద్దలు కూడా దిగలేదు. ఆటలో ప్రతివాళ్ళూ వంతు వచ్చినప్పుడు ఇష్టమున్నా లేకపోయినా కొన్ని చిప్పులు పెట్టాలి. ఆ పెట్టేది గంట గంటకీ పెరుగుతుంది. ముక్కలు పారేస్తూ కూర్చున్నా దొంతర కరిగిపోతూనే ఉంటుంది. నాలుగింటికి ఆమె ముందు మూడు దొంతరలుండేవి. ఐదింటికి రెండు. ఐదున్నరకి ఒకటి, దాని పక్కన నాలుగు చిప్పులు. ఎదుట గోడ మీద తెరలో గడియారం వెనక్కి నడుస్తోంది. ఇంకో ముప్పావు గంటలో మొదటిరోజు ఆట ఆగుతుంది. పది నిమిషాల్లో పందెం మళ్ళీ పెరుగుతుంది.

కూర్చున్న కుర్చీలో కుదురు లేదు. కాలి బొటనవేలితో చెప్పు తీసింది, వేసుకుంది. రేకుడబ్బా అటక మీద, పాత పంకా పక్కన, ఉన్నట్టు కళ్ళకి కడుతోంది. దాని మీద అప్పుడే దుమ్ము కూడా కనిపిస్తోంది.

ఆమె పెట్టక తప్పని వంతు వచ్చింది. చేతిలో కళావరు ఎనిమిది, తొమ్మిది. కళ్ళద్దాలవాడు తప్ప అందరూ పారేశారు. బల్లమీద మూడు ముక్కలు పడ్డాయి. జాకీ, ఆరు, రెండు. ఆమెకి పనికొచ్చేది ఒక్కటి లేదు. ఆమె పందెం కాయకుండా ఊరుకుంది. కళ్ళద్దాలవాడు కాసిని చిప్పులు తోశాడు.

పారెయ్యాలి. పారేస్తే మిగిలేది పది నిమిషాలు.

అప్పుడు తెలిసింది ఆమెకి ఏం చెయ్యాలో. ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, పొద్దుట్నుంచీ లోపలెక్కడో కూర్చుని ఉన్న ఆలోచన లేచి నిలబడినట్టు. సరిసమానంగా చిప్పులు లెక్కపెట్టి తోసింది. ఒక్క క్షణం ఆగింది. చెయ్యి వెనక్కి పోనిచ్చింది. మిగిలిన చిప్పుల మీద వేళ్ళు పెట్టి, ఎత్తి, సగం దూరం తెచ్చింది.

"మేడమ్, మేడమ్! ఓన్లీ కాల్." ఈసారి ముక్కలు పంచుతున్నది వేరే అబ్బాయి. నవ్వుతూనే ఆపాడు. మేనేజర్ని పిలవలేదు. పొద్దుట్నుంచి అందరికీ అలవాటైన పెద్దావిడ కదా అనుకున్నాడేమో.

"సారీ, సారీ," అంది కోటేశ్వరి. గొంతు వణికింది. అది నటన కాదు.

నాలుగో ముక్క పడింది. మూడు. దానితోనూ ఆమెకి పని లేదు. ముందు ఆడాల్సింది ఆమె.

"ఆల్ ఇన్," అంది, మాస్టారు నేర్పినట్టు స్పష్టంగా, నోటితో. ఉన్నవన్నీ పెట్టేశానని.

కళ్ళద్దాలవాడు అద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు. కళ్ళు మామూలుగా, అలిసిపోయి ఉన్నాయి. ఆమె చేతికేసి చూశాడు, మొహంకేసి చూడలేదు. చాలాసేపు చూశాడు. "మళ్ళీ రాజులేనా ఆంటీ?" అని నవ్వి, తన జాకీని అందరికీ చూపించి పారేశాడు. "చెయ్యి ముందే చెప్పేసింది."

ఆ తర్వాత ఆమె ఒక్క ఆట కూడా ఆడలేదు. ముక్కలు చూడటం, పారెయ్యడం. ఆరుంబావుకి గంట మోగింది. మిగిలినవాళ్ళందరికీ ఒక్కో ప్లాస్టిక్ సంచి ఇచ్చారు. ఎవరి చిప్పులు వాళ్ళు అందులో పోసి, మూతి అంటించి, పైన పేరు రాయాలి. టిక్కీ మీద రైతు పేరు రాసినట్టు పెద్ద అక్షరాలతో రాసింది. కె. కోటేశ్వరి, గుంటూరు. హెలెన్ తాడు అవతలనుంచి రెండు చేతులూ ఎత్తి ఊపింది. త్రినాథ్‌కి ఫోన్ చేస్తే లారీల మోతలో, "దాటావా? నిజంగానే? ఒరేయ్, మా ఆవిడ దాటిందిరా!" అని అక్కడున్న ఎవరికో చెప్పడం వినిపించింది.

రెండోరోజు మొదటి గంటలోనే ఆమె చిప్పులు అయిపోయాయి. అదేమంత బాధ అనిపించలేదు.

తిరుగు రైలు ఆరుగంటలు ఆలస్యంగా నడిచింది. వినుకొండ దాటేసరికి బాగా పొద్దెక్కింది. పత్తి తీసేసిన చేలల్లో మోళ్ళు, మధ్యమధ్య కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు. కిటికీ పక్కన హెలెన్ బత్తాయి వలుస్తోంది.

"రెండోసారి కూడా మర్చిపోయావామ్మా?" అంది ఉన్నట్టుండి.

"ఏంటక్కా?"

"కొసరు. సాయంత్రం. నేను చూస్తానే ఉన్నా."

"మర్చిపోయానక్కా. అలవాటు కదా."

హెలెన్ ఒక తొన తీసి ఇచ్చింది. "పొద్దున నీ చెయ్యి నిన్ను అడక్కుండా వెళ్ళింది. సాయంత్రం నువ్వు చెప్తే వెళ్ళింది. ముప్ఫై నాలుగేళ్ళు నాడి పట్టుకున్నదాన్ని." అంతే, ఇంక ఆ మాట ఎత్తలేదు. గుంటూరు వచ్చేదాకా బత్తాయిలు వలుస్తూనే ఉంది.

ఆ వారం కోటేశ్వరికి ఇల్లు ఇరుకైపోయింది. త్రినాథ్ కోల్డ్ స్టోరేజీలో అందరికీ మిఠాయి పంచాడు. వాచ్‌మన్ కూడా, "మేడం గారు గెలిచారంట గదా," అన్నాడు. పనిమనిషికి కందిపప్పు కొలిచి ఇచ్చింది. చెయ్యి డబ్బా దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇది తన చెయ్యే వెళ్ళిందా, తను పంపితే వెళ్ళిందా? పనిమనిషి గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. కోటేశ్వరి గబగబా ఇంకో గుప్పెడు వేసి లోపలికెళ్ళి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది. అల్మారాలో చీరలన్నీ తీసి మళ్ళీ సర్దింది. ఎంత సర్దినా ఒక మడత వంకరగానే ఉన్నట్టనిపించింది.

ఆదివారం మూడింటికి డబ్బా తీసుకుని పైకెళ్ళింది. జానీబీ సేమ్యా చేసింది. మాస్టారికి ఒక పద్ధతుంది. బయట ఆడివచ్చినవాళ్ళు ముఖ్యమైన ఆటల్ని అవే ముక్కలు బల్లమీద పరిచి మళ్ళీ చెప్పాలి. ఎక్కడ బాగా ఆడారు, ఎక్కడ పొరపాటు జరిగింది, అందరూ కలిసి చూడాలి.

రాజుల ఆట పరిచింది. అందరూ నవ్వారు. "కొసరేశ్వరి గోవాలో కూడా కొసరేనా!" అన్నాడు దానయ్య.

తర్వాత జాకీ, ఆరు, రెండు పరిచింది. తన ముందు కళావరు ఎనిమిది, తొమ్మిది. కళ్ళద్దాలవాడు పందెం కాశాడని, తను సరిపెట్టానని చెప్పింది.

"సరిపెట్టావా? దీంతోనా?" మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకమ్మా?"

"చెయ్యి మళ్ళీ వెనక్కి వెళ్ళింది మాస్టారూ."

"మూడు నెలలు చెప్పానే! రెండుసార్లు మర్చిపోయావా?"

"మర్చిపోయిందట," అంది హెలెన్, సేమ్యాలో చెంచా తిప్పుతూ.

కోటేశ్వరి ముక్కల అంచులు సమంగా జరిపింది. మళ్ళీ జరిపింది. "మర్చిపోలేదు. కావాలనే పోనిచ్చాను. రాజులున్నాయనుకోవాలని. అనుకున్నాడు."

 ముందుగా తేరుకున్నది దానయ్య. బల్ల మీద చరిచాడు. "వారెవా! అదీ ఆటంటే! లక్కన్నాను, చెంపలేసుకుంటున్నా. ఏమీ లేకుండా వాడి చేత జాకీ పారేయించిందంటే మాటలా! పోకరంటేనే అబద్ధం కదండీ మాస్టారూ?"

ఏడాదంతా ఆయన నోట వినాలనుకున్న మాట అది. వింటుంటే నాలుక మీద చేదుగా ఉంది.

"ముక్కతో అబద్ధమాడొచ్చు దానయ్యా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "చిప్పులతో ఆడొచ్చు. మొహంతో ఆడొచ్చు. రూలు తెలిసి తెలియనట్టు ఆడకూడదు. పొద్దున ఆమె అమాయకంగా చేసిందని వాళ్ళు వదిలేశారు. సాయంత్రం ఆ వదిలెయ్యడాన్నే వాడుకుంది." ఆమె వైపు తిరిగాడు. "ఇంకోసారి జరిగితే ఏమన్నారమ్మా అక్కడ?"

"ఒక రౌండు బయట కూర్చోమన్నారు. కూర్చోబెట్టలేదు."

"అయితే ఆ రౌండు ఇక్కడ బయట కూర్చో."

జానీబీ, "అయ్యో, పాపం, తిననివ్వండి ముందు," అంది. కోటేశ్వరి అప్పటికే లేచింది. కుర్చీ గోడ పక్కకి లాక్కుని కూర్చుంది. నలుగురూ ఆమె తెచ్చిన పిక్కలతోనే ఆడారు. ఆమె పెట్టక తప్పని వంతు వచ్చినప్పుడల్లా ఆమె పిక్కలు నాలుగు మాస్టారే తీసి మధ్యలో పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చేతిలో లేని చిప్పుల్ని వేళ్ళు దొంతర పెట్టి విడదీస్తున్నాయి. రౌండు అయ్యాక మాస్టారు రమ్మని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ రౌండుకి ఇది సరిపోయింది మాస్టారూ. మొదటిరోజుకి సరిపోలేదు. ఆ చెయ్యి లేకపోతే ఆ ఆట నాది కాదు. ఆ ఆట లేకపోతే నేను దాటలేదు."

ఐదున్నరకి త్రినాథ్ వచ్చాడు, కిందనుంచి ఆమెని పిలుచుకెళ్ళడానికి. గోడ పక్కన కూర్చున్న భార్యని చూసి, "ఏంటే, ఓడిపోయావా?" అన్నాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది. మెట్ల మీద, రెండో అంతస్తు మలుపులో, మొత్తం చెప్పింది. ఆయనకు పోకరు రాదు. అయినా కొసరు సంగతి తెలుసు, మామగారి కల్లం చూసినవాడు. అందుకే తొందరగానే అర్థమైంది.

"అయితే దాటలేదన్నమాట."

"దాటలేదు."

"నిజం చెప్పమని నేనడిగానా ఇప్పుడు? మిఠాయి కూడా పంచాను గదే!" రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కింద ఎవరి ఇంట్లోనో కుక్కరు కూసింది. ఆ కూత ఆగాక ఆమె చంకకేసి చూశాడు. "డబ్బా ఏది?"

"పైనే వదిలేశాను. మీరు అటకెక్కించడం నేను చూడలేను. అక్కడుంటే వాళ్ళన్నా ఆడుకుంటారు."

త్రినాథ్ వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. పైన దానయ్య గొంతు, మాస్టారి గొంతు, తలుపు చప్పుడు. ఆయన డబ్బా పట్టుకుని దిగాడు. ఆమెకి అందించలేదు. తన చంకలోనే పెట్టుకున్నాడు.

"మాటంటే మాటే. అటక మీదే పెడతా. వచ్చే ఫిబ్రవరిలో దించుతా. అప్పుడు మళ్ళీ పో, సరిగ్గా దాటు. వాళ్ళకి ఈలోగా శనగలో బఠాణీలో చాలు."

ఏడాది. యాభై రెండు ఆదివారాలు. కోటేశ్వరి గోడకి ఆనుకుంది. కాళ్ళు మూడో అంతస్తుకే లాగుతున్నాయి. వాటిని ఒక మెట్టు కిందకి దించింది.

"ఒక్క పిక్క ఇవ్వండి," అంది. "చేతిలో ఉంచుకుంటాను."

త్రినాథ్ డబ్బా మూత తీశాడు. ఒక పిక్క ఏరి ఆమె అరచేతిలో పెట్టాడు. మూత పెట్టబోయాడు. ఆగాడు. చెయ్యి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఇంకోటి తీసి దాని పక్కన వేశాడు.

మిగిలిన మెట్లన్నీ ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలని చూస్తూ దిగింది. పిక్కలు నున్నటివి కదా, నిలబడలేదు.